ఖాళీగా ఉండిపోయిన గడి

చెల్లెలు పోయాక నెల్లాళ్లు నాకు నిద్ర పట్టలేదు. నర్సీపట్నంలో డాక్టరమ్మ మాత్రలివ్వకుండా ఒక కాగితం ఇచ్చి, ఏ రాత్రి ఎన్ని గంటలకు నిద్ర పట్టిందో గడుల్లో రాసి తెమ్మంది. అరవై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని, తప్పు రాయకూడదని నా పట్టుదల. పెన్ను పట్టుకుని గోడ గడియారాన్నే చూస్తూ పడుకునేదాన్ని. కన్ను మూతపడబోతే టైము చూడాలని మళ్లీ తెరిచేదాన్ని. ఆ వేలెడు గడిలోంచి బయటపడే దారి కనిపించలేదు.

వారం తర్వాత డాక్టరమ్మ కాగితం చూసి, “అన్నీ ఖాళీగా ఉన్నాయేటమ్మా?” అంది.

“నిద్దరోతే రాసీదెవులు తల్లీ? రాయాలంటే మెలకువుండాల గదా,” అన్నాను.

“గడియారం తీసేయండి. పొద్దున్న లేచాక అందాజుగా రాస్తే చాలు.”

గడియారం వంటింట్లో పెట్టాను. మూడోనాడు లేచేసరికి ఎండ వచ్చేసింది. ఆ గడిలో ‘తెలీదు’ అని రాశాను.