తువ్వాలు కింద బేరం

నూలు మీద పన్ను తగ్గించిన సంగతిపై నేను ప్రభుత్వానికి ఆరు అర్జీలు పంపాను. ఇంతవరకు ఒక్కదానికీ జవాబు రాలేదు. అందిందని కూడా ఎవరూ రాయలేదు.

పన్ను తగ్గితే నూలు చవకవుతుందని, మగ్గాలు పెరుగుతాయని ఎమ్మిగనూరు సభలో మంత్రి చెప్పగా విన్నాను. ఎనభైల మొదట్లో మాట. నూలు చవక కాలేదు. మా ఇంట్లో రెండు మగ్గాల్లో ఒకటి ఆగిపోయింది.

ఆ రోజుల్లోనే ఆదోని బస్సులో ఒక పత్తి దళారి నా పక్కన కూర్చున్నాడు. నా చేతిలోని అర్జీలోకి తొంగి చూస్తుంటే మడిచి జేబులో పెట్టుకున్నాను.

"దాపెట్టొద్దులేన్నా, సదివేసినా," అని నవ్వాడు.

"అయితే సెప్పప్పా. తగ్గిన పన్ను యాడికి పోయింది?"

అతను భుజం మీది తువ్వాలు తీసి నా చేతి మీద కప్పి, కింద నా వేళ్లు పట్టుకున్నాడు.

"పత్తి యార్డులో మా బేరం ఇట్లే, వేళ్లు పట్టి ధర సెప్తాం. ఎన్ని వేళ్లు పట్టినామో పక్కనోనికి కనపడదు. మంత్రీ, నూలు మిల్లాయనా మాట్లాడుకునేటప్పుడు నీ చెయ్యి తువ్వాల కింద ఉండిందా?"

"లేదు."

"మరి నీకెట్ల తెలుస్తాదన్నా?"

తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, దారిలో ఒక ఊరి దగ్గర దిగిపోయాడు.

అతను నా మీద జాలిపడ్డాడో, మిల్లు తరఫున నా నోరు మూయించబోయాడో ఈనాటికీ నాకు అనుమానమే. అడిగిన ప్రశ్న మాత్రం సరైనదే. ఆగిన మగ్గాన్ని నేనింకా విప్పలేదు. ఇది ఏడో అర్జీ అనుకోండి. ఆనాడు ఆ తువ్వాలు కింద ఎవరెవరి చేతులున్నాయో, ఎవరో ఒకరు సంతకం పెట్టి నాకు చెప్పండి.