అంటులో కట్టిన అంట్లు

మొక్కకు కట్టేదాన్ని అంటు అంటాం. ఇంట్లో ఎవరైనా పోతే పదకొండు రోజులు పట్టే మైలనూ అంటు అనే అంటాం. తిని పడేసిన గిన్నెలు అంట్లు. భాషలో ఈ మాటలన్నీ ఒకచోట చేరడం వల్ల నష్టపోయిన మనిషిని బహుశా నేనొక్కదాన్నే.

ఎల్బీనగర్ దాటాక సాగర్ రోడ్డు మీద వరసగా నర్సరీలుంటాయి. ఉద్యాన పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా చేసి వాటిలో ఒకదానిలో చేరాను. మాది నల్లగొండ పక్క పల్లె. నాయన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో హమాలీ. మామిడి సీజన్లో ఆయన చొక్కాకు అంటిన సొన మరకలు అమ్మ ఎంత ఉతికినా పోయేవి కావు. పండ్లు మోసే ఇంట్లో ఆ చెట్లు తయారుచేసేవాళ్లు ఒకరైనా ఉండాలని నా పట్టుదల. మార్కెట్ ఊరి బయటికి తరలిపోయి నాయన పని పోయిన ఏడాదే నాకు ఉద్యోగం వచ్చింది. ఎవరూ సంతోషించలేదు. "గింత చదివింది మాలి పనికా?" అన్నది అమ్మ. ఆ మాట అన్నానని ఇప్పుడు ఒప్పుకోదు.

నర్సరీ యజమాని కడియం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. మొదటిరోజే ఒక కొనుగోలుదారుకు నన్ను చూపించి "మా కొత్త మాలి అండీ, చదువుకున్న మాలి" అని నవ్వాడు. నేను సరిచేశాను. ఆయన ఇంకా నవ్వాడు.

అక్కడ అంట్లు కట్టే చెయ్యి ఒక్కటే. అరవై దాటిన మనిషి, మా నల్లగొండవాడే, అందరూ మేస్త్రి అనేవారు. ఏడాది పాటు నన్ను కత్తి ముట్టనివ్వలేదు. నీళ్లు పట్టడం, సంచుల్లో మట్టి నింపడం, పేర్ల చీటీలు కట్టడం నా పని.

"చూడు బిడ్డా, చూసుడే సగం పని."

"మిగతా సగం ఎప్పుడు మేస్త్రీ?"

"ఏం తొందర? నేనింకా సావలే గదా."

రెండో వానాకాలంలో కత్తి ఇచ్చాడు. ఎందుకిచ్చాడో తెలీదు, వేళ్లు నొప్పి పెడుతున్నాయన్నాడు. మామిడి టెంక నుంచి మొలిచిన మొక్క తల నరికి, కాండాన్ని నిలువుగా చీల్చి, మంచి రకం తల్లిచెట్టు పుల్లను మేకులా చెక్కి ఆ చీలికలో దించి ప్లాస్టిక్ రిబ్బన్‌తో గట్టిగా చుట్టాలి. పుల్ల కోయడానికి వారం ముందే చెట్టు మీద దాని ఆకులు కత్తిరించాలి, అప్పుడే మొగ్గలు ఉబ్బుతాయి. నా మొదటి పుల్లలకు నేనే వెళ్లి ఆకులు కత్తిరించి వచ్చాను.

ఆ వారంలోనే ఊళ్లో మా నాయనమ్మ పోయింది. వెళ్లాను, మట్టి చేశారు, నాలుగో రోజుకి తిరిగొచ్చాను. ఆకులు తీసిన పుల్లలు ఆగవు. మొగ్గ విచ్చుకుంటే ఇక అంటుకు పనికిరాదు. ఎక్కడికి పోయావని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అయిదు రోజులు వంచిన మెడ ఎత్తకుండా కట్టాను. షేడ్ నెట్ కింద నా వరస, మేస్త్రి వరస పక్కపక్కన. పదోరోజున పెద్దకర్మకని ఊరికి పోయాను.

రెండు రోజులకు తిరిగొచ్చేసరికి నెట్ కింద నా వరస లేదు. గోదావరి వైపు నుంచి ఇండోర్ మొక్కల లారీ వస్తే, వాటికి నీడ కావాలని యజమాని నా మొక్కలను ప్రహరీ పక్కన ఎండలో పెట్టించాడు. ఆ రెండు రోజులూ చినుకు లేదు. పుల్లలన్నీ నల్లబడి ముడుచుకుపోయి ఉన్నాయి. ఒకటి గీకి చూశాను. లోపల పచ్చదనం లేదు. మేస్త్రి వరస మాత్రం నీడలో, మొగ్గలు మెరుస్తూ ఉంది.

"ఎండలో ఎవరు పెట్టారు సార్?"

"వర్షాకాలంలో ఎండేంటమ్మా? మేస్త్రి మొక్కలు బతకలేదూ?"

మేస్త్రి నా వైపు తిరిగాడు. "ఊరికెందుకు పోయినవ్ బిడ్డా?"

"నాయనమ్మ దినాలకు."

ఆయన చేతిలో బీడీ ఆగింది. "అంటే అంటుల ఉండి అంటు కట్టినవా? ఇంకెట్ల బతుకుతయి?"

మట్టి నింపే ఆడవాళ్లు ఇద్దరు చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. యజమానికి మాట మహా నచ్చింది. "ఇంట్లో అంట్లు తోముకోవాల్సిన చెయ్యండీ, మన దగ్గర అంట్లు కట్టడానికొచ్చింది!" అన్నాడు. అప్పుడు అందరూ నవ్వారు. లారీ సంగతి నేను మళ్లీ అన్నాను. నవ్వులో ఎవరికీ వినిపించలేదు.

ఆ రోజు నుంచి కత్తి నాకు దూరం. మూడేళ్లు కౌంటర్ దగ్గర పూలకుండీలు అమ్మాను. కొత్తగా చేరిన ప్రతి మనిషికీ ఆ జోకు చెప్పేవారు. నా చేత్తో పెట్టిన కరివేపాకు మొక్క కూడా వద్దన్న కొనుగోలుదారు ఒకామె ఉంది. మట్టి నింపే ఒకతె వచ్చి ఆమె చెవిలో ఏదో ఊదింది. ఆ కొనుగోలుదారు కట్టుకున్న చీర రంగు ఇప్పటికీ చెప్పగలను.

సైదాబాద్‌లో మేం కిరాయికున్న ఇంటి మేడ మీద సొంతంగా ఇరవై అంట్లు కట్టాను. రెండు తప్ప అన్నీ చిగురించాయి. స్లాబు చెమ్మ పడుతోందని ఇంటి ఓనరు తీయించేశాడు. వాటిని కాలనీలో పంచిపెట్టాల్సి వచ్చింది. సాక్ష్యం అలా పోయింది.

తర్వాత నర్సరీ మానేసి దిల్‌సుఖ్‌నగర్‌లో తోటలు వేసే ఒక కాంట్రాక్టరు దగ్గర చేరాను. తోటలంటే తోటలు కావు. అపార్టుమెంట్ల బాల్కనీల్లో, కోచింగ్ సెంటర్ల మెట్ల దగ్గర ప్లాస్టిక్ గడ్డి పరిచి జిగురు పూయడం. నాయన ఒకసారి ఆ గడ్డి ముక్క చేతిలోకి తీసుకుని వాసన చూసి కింద పెట్టాడు.

పోయిన వానాకాలంలో నర్సరీ యజమాని ఫోన్ చేశాడు. మేస్త్రికి కళ్లు కనబడటం లేదు, పుల్లలు కోసేశాం, వచ్చి కట్టిపెట్టమ్మా అన్నాడు. ఇకమీదట అంట్ల పని మొత్తం నీదే అన్నాడు. ఆ మాట కోసం నేను ఎన్నేళ్లు ఎదురుచూశానో ఆయనకు తెలీదు.

వెళ్లాను. అంట్లు కట్టే పీట వేసి ఉంది. తడి గోనెపట్టా కింద పుల్లలు, సరిగ్గా ఉబ్బిన మొగ్గలతో. మేస్త్రి నల్లద్దాలు పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. మట్టి నింపే ఆడవాళ్లు వాళ్లే. నేను నిలబడే అడిగాను.

"సార్, ఆ రోజు నా మొక్కలు ఎండకు పోయినయి, నా అంటు వల్ల కాదు. ఆ మాట వీళ్లందరి ముందు చెప్పండి. కూర్చుంటాను."

"ఏ మొక్కలమ్మా?" అన్నాడాయన. నటించడం లేదు. నిజంగానే గుర్తులేదు.

మేస్త్రికి గుర్తుంది. "లారీ ఒచ్చింది నిజమే బిడ్డా. ఎండల పెట్టింది నిజమే. అయినా అంటు అంటే అంటే గదా. జర ఇడిచిపెట్టు."

"సరే, నా వల్లే ఎండిపోయాయనుకో," అన్నాడు యజమాని. "కూర్చో తల్లీ, పుల్లలు వాడిపోతున్నాయి."

"అనుకోవడం కాదు సార్. జరిగిందని చెప్పండి."

ఆయన ముఖం మారింది. "పని అడుక్కునేవాళ్లు షరతులు పెడతారా?"

"మీరే పిలిచారు."

గోనెపట్టా అంచు ఎండిపోతుంటే దాని మీద నీళ్లు చల్లాను. పుల్లల తప్పేమీ లేదు. గేటు దాటి బస్టాపుకు నడిచాను. వెనకనుంచి పిలుస్తారేమోనని మెల్లగానే నడిచాను. పిలవలేదు.

ఆ సీజన్లో అక్కడ ఒక్క అంటూ కట్టలేదని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఎక్కడో అంటు కట్టేసిన మొక్కలే లారీలో దిగుతాయట. పీట తీసేసి ఆ చోట సిమెంటు కుండీలు పేర్చారు. ఆ పంతం వల్ల ఎవరికి ఏం ఒరిగిందని అమ్మ రోజూ అడుగుతుంది. జూలై నెల వస్తే జిగురు డబ్బా పక్కన పెట్టి వేళ్లు చూసుకుంటాను. రిబ్బన్ ఎంత బిగువుగా చుట్టాలో వాటికింకా తెలుసు. ఇంకెన్నేళ్లు తెలిసి ఉంటుందో తెలీదు.