ఎరె అంటే ఎర్ర కాదు

నేను కోడలిగా ఆ ఊళ్ళో అడుగుపెట్టేనాటికి అక్కడ ఎవరి నోట విన్నా కాలువ మాటే. తుంగభద్ర నీళ్ళు వస్తున్నాయట, మన చేల పక్కనుంచే పారతాయట అని ఆడవాళ్ళు జొన్నలు విసురుతూ కూడా అదే చెప్పుకునేవాళ్ళు. బళ్ళారి మైసూరులో కలిసి అప్పటికి కొన్నేళ్ళే అయింది. నాది అనంతపురం వైపు చెరువు కింద ఊరు. నారుమళ్ళు, నాట్లు, కలుపులు చూస్తూ పెరిగినదాన్ని. మెట్ట ఊరికి పిల్లనివ్వడానికి మా నాయన వెనకాడితే, మామ ఒకటే మాట అన్నాడట. "కాలవ వస్తాండాది బావా. నీ బిడ్డకు మా చేన్లో పండిన బియ్యమే పెడతా, సరేనా?"

ఆ మాట మీదే పెళ్ళి జరిగింది. మామ కూడా మాట మరిచే మనిషి కాదు. ఆ ఎండాకాలమంతా ఉన్న ఏడెకరాల ఎర్రచేనూ చదును చేయించి, గట్లు పోయించాడు. ఎద్దులు అలిసిపోయేవి గానీ ఆయన అలిసేవాడు కాదు. అన్నం తింటూ తింటూ లేచి, ఏదో గట్టు వంకరగా పడిందని చేనికి పరుగెత్తేవాడు. ఆయన్ని చూసి మా అందరికీ అదే పిచ్చి పట్టింది.

అలా ఉండగా ఒక పొద్దున కాలువ గుమాస్తా ఒకాయన మా గుమ్మం ముందు సైకిలు దిగాడు. చేతిలో పెద్ద పుస్తకం, చెవి మీద పెన్సిలు. అందరూ చేనికి పోయారు, ఇంట్లో నేనొక్కదాన్నే. ఆయన మైసూరు వైపు మనిషి, తెలుగు ముక్క రాదు. నాకేమో కన్నడం వచ్చి చచ్చిందా! సర్వే నంబరు కాగితం తెచ్చి చూపించాను. అది రాసుకుని తలెత్తాడు.

"హొల ఎంథద్దమ్మా? ఎరెయో, మసారియో?"

హొల అంటే చేను, అంతవరకు తెలుసు. మసారి అనే మాట నా జన్మలో వినలేదు. ఇక ఎరె అంటారా, మన ఎర్రనే ఈ మనిషి సగం కొరికి పలుకుతున్నాడు అనుకున్నాను.

"ఎర్రే అప్పా! బో ఎర్రగుంటాది," అన్నాను, గట్టిగా.

"ఎరె," అని రాసుకున్నాడు. మజ్జిగిస్తే తాగి పోయాడు. సాయంత్రం అత్త రాగానే, ఆఫీసాయన వస్తే అన్నీ కన్నడంలోనే చెప్పి పంపించానని గొప్పలు పోయాను.

నెల తిరిగేలోగా చావడి దగ్గర జాబితా చదివారు. నల్లరేగడిలో నీళ్ళు నిలబెడితే నేల చవుడెక్కుతుందని, వరికి నీళ్ళు ఎర్రనేలలకే ఇస్తారట. అది విని వచ్చిన మామ అరుగు మీద కూలబడ్డాడు.

"మనకు వరి నీళ్ళు ల్యావంట. జొన్నకో పత్తికో రెండు తడులిస్తారంట. మన చేను ఎరె అని రాసుకున్నారు," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఎర్రచేనును ఎర్రదని రాసుకుంటే నీళ్ళెందుకియ్యరు అత్తా? ఇదేం నాయం?" అని లోపల్నుంచే అరిచాను.

అత్త చేట కింద పెట్టి నన్నే చూసింది. "ఎరె అంటే నల్లరేగడి గదే! ఎర్రనేలను ఈడ మసారి అంటారు. ఎవురు చెప్పినారే ఆయప్పకు?"

ఎవరు చెప్పారో ఆ క్షణంలోనే ఇల్లంతటికీ తెలిసిపోయింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తోచక పొయ్యి దగ్గరికి పోయి కూర్చున్నాను. మామ తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. పొద్దున్నే బండి కట్టమని మా ఆయనకు చెప్పి, లోపలికి వినపడేట్టు అన్నాడు.

"నువ్వు గూడా రామ్మా. రాపిచ్చింది నువ్వే, తుడిపిచ్చేది గూడా నువ్వే."

కాలువ క్యాంపు కంప్లి దారిలో రేకుల షెడ్డులో ఉండేది. దారిపొడుగునా కొత్త కాలువ గట్టు కనిపిస్తూనే ఉంది. వారంలో నీళ్ళు వదులుతారని బండికెదురు వచ్చిన ప్రతివాడూ చెప్పేవాడే. నా కొంగు ముడిలో మా చేని మట్టిపెళ్ళ ఉంది.

ఇంజనీరుకు తెలుగు వచ్చు. అంతా విని, పుస్తకం మూసేశాడు. ఒకరికి మారిస్తే వందమంది వస్తారు, వచ్చే ఏడు చూద్దాం పొమ్మన్నాడు. మామ తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మా మామ ఎవరిముందైనా అలా నిలబడటం నేను చూడలేకపోయాను. ముడి విప్పి, బల్ల మీదున్న ఆయన మంచినీళ్ళ గ్లాసులో ఆ పెళ్ళను పడేశాను.

"సూడు సారూ! నల్లగుండాదా, ఎర్రగుండాదా? తప్పు చెప్పింది నేను, మా మామ కాదు. తిడితే నన్ను తిట్టు. నీళ్ళు మాత్రం ఆపొద్దు!"

గ్లాసులో నీళ్ళు ఎర్రగా తిరిగిపోయాయి. మా ఆయన మొహం తెల్లబోయింది. అంతలో లోపల్నుంచి ఆనాటి గుమాస్తా వచ్చి నన్ను చూశాడు.

"ఇవరే సార్! ఎరె అంత ఇవరే హేళిద్దు!" అన్నాడు, ఎరె అని చెప్పింది ఈమేనని నన్ను చూపిస్తూ, దొంగ దొరికినట్టు.

ఇంజనీరు గ్లాసును చూశాడు, నన్ను చూశాడు, ఎర్ర, ఎరె అని రెండుసార్లు తనలో తానే అనుకున్నాడు. తర్వాత పగలబడి నవ్వాడు. మర్నాడు జీపులో మా చేనికి వచ్చి ఆ గట్టునుంచి ఈ గట్టుకు నడిచాడు. బూట్లు ఎర్రబడ్డాక గట్టు మీదే పుస్తకం తెరిచి, ఎరె కొట్టేసి మసారి అని రాశాడు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది, కొత్తకోడలినని ఆగాను.

నీళ్ళు వదిలిన రోజు మాత్రం ఆగలేదు. "వస్తాండాయి, వస్తాండాయి!" అని ఊరంతా కాలువ వెంట పరుగు. ఎండుగడ్డి, చెత్త, నురగ ముందు తోసుకుంటూ నీళ్ళు మా పిల్లకాలువలోకి మళ్ళాయి. నేనూ చీర ఎత్తిపట్టి పరుగెత్తాను. నీళ్ళు మొదటి మడిలో చొరబడి చూస్తుండగానే పరుచుకున్నాయి. బుడగలు లేస్తున్నాయి, మట్టి వాసన ముక్కుపుటాలదిరేట్టు కొడుతోంది, ఎవరో టెంకాయ కొట్టారు.

మామ పార పట్టుకుని మధ్యలో నిలబడిపోయాడు. నలభై ఏళ్ళు మబ్బుల్ని చూసి సేద్యం చేసిన మనిషి. చేలో నీళ్ళు నిలవడం ఆయన ఎన్నడూ ఎరగడు. నీళ్ళు మోకాలికి దిగువన తిరుగుతున్నాయి, ఒక మూల గట్టు కరుగుతోంది, ఆయనకు ఏమీ తోచడం లేదు. అంతమంది మగవాళ్ళను వదిలి నావైపు తిరిగాడు.

"ఇప్పుడేం జెయ్యల్లమ్మా?"

నేను కుచ్చిళ్ళు ఎగదోపి మడిలోకి దూకాను.

"ఆ మూల తెగుతాండాది మామా, పార ఇట్లియ్యి!"