ఎల్లమ్మ నోరు మూసుకున్న రోజు

హైదరాబాదు శాలిబండలో ఎల్లమ్మ గొంతు ఎరుగని మిద్దె లేదు. ఆ గొంతు తియ్యనిదని కాదు, పెద్దది. ఆమె పాట ఎత్తుకుంటే పావురాలు పక్క మొహల్లాకు వలస పోతాయని పెనిమిటి అంజన్ అనేవాడు. అయినా ఎక్కడ కొత్త మిద్దె మీద సున్నపు గచ్చు కొట్టాలన్నా ముందు ఆమెకే కబురు. ఆమె చరణం అందిస్తే ఇరవైమంది ఆడవాళ్లు అందుకుని, ఆ తాళానికే చేతి దిమ్మిసలు వేసేవారు. పాట పరుగెత్తితే చేతులు పరుగెత్తేవి.

1941 ఎండాకాలం, ఒక నవాబు ఉండే దేవిడీ మిద్దె మీద పని. బాలింత నాగమణి బిడ్డ కింద వేపచెట్టు ఉయ్యాలలో గుక్కపెట్టి ఏడుస్తోంది. పైన తల్లికి పాలు చేపి రవిక తడిసిపోయింది.

"గచ్చు ఎండిపోతది. పొద్దుగూకినంక ఇచ్చుకో పాలు" అన్నాడు మిస్త్రీ భిక్షపతి, గొడుగు కింద నిలబడి.

పిల్లల్లేని ఎల్లమ్మకు ఒళ్లు మండింది. తిట్టలేదు. పాటలో పెట్టింది.

"మిస్త్రీ నెత్తికి గొడుగాయె ఓ యమ్మలారా
చంటిదానికి పాలు కరువాయె ఓ యమ్మలారా"

మాట మాటకూ సాగదీసింది. దిమ్మిసలు పెళ్లినడక పట్టాయి. వీధిలో పోయేవాళ్లు తలెత్తి నవ్వారు.

"బంద్ చెయ్ నీ పాట" అన్నాడు మిస్త్రీ.

"అట్లనే సాబ్" అని ఆమె నోరు మూసుకుంది. ఎల్లమ్మ ఒకరి మాట విన్నదంటే అనుమానపడాలి. పాపం, మిస్త్రీకి ఆ సంగతి తెలియదు.

పాట లేక ఇరవైమందికి ఇరవై తాళాలయ్యాయి. గచ్చు ఇక్కడ గుంట, అక్కడ బొడిపె. పైన ఎండ దాన్ని బిగించేస్తోంది. మిస్త్రీ తనే ఒక చరణం ఎత్తుకోబోతే ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. చివరికి గొడుగు ముడిచి ఎల్లమ్మ ముందు కూలబడ్డాడు.

"పాడు తల్లీ. నవాబు నన్ను బతకనియ్యడు."

"నాగమణిని పోయి రానీ. ఇయ్యాల్టి సంది చంటిపిల్లలున్నోళ్లందరు పోయొస్తరు."

"పోనీ, పోనీ."

ఆ రెండు చరణాలు తర్వాత కార్వాన్ మొహల్లా మిద్దెల దాకా పాకాయి. పాట కాస్త నెమ్మదిస్తే చాలు, మిస్త్రీలే తల్లులను కిందికి పంపేవారు. ఆ రోజు మాత్రం ఎల్లమ్మ వెంటనే ఎత్తుకోలేదు. పిట్టగోడ దగ్గర చెవొగ్గి నిలబడింది. కింద ఏడుపు ఆగింది.

అప్పుడు పాడింది. బిడ్డ పాలు తాగుతూ ఉలిక్కిపడుతుందేమోనని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, మెల్లగా పాడింది.