కూర్మమ్మ ఇసక పరుగు

ఎవరెవరి సంగతులో అడుగుతారు గానీ, చేపలమ్మే కూర్మమ్మ గురించి ఒక్కరైనా అడిగారర్రా? నోళ్లు పడిపోయాయా? భావనపాడులో డ్యుయథ్లాన్ అని పందెం పెడితే అత్తాకోడళ్లు ఓ జట్టుగా చేరారు. కూర్మమ్మ పరిగెత్తాలి, కోడలు తులసి సైకిలు తొక్కాలి, మళ్లీ కూర్మమ్మే పరిగెత్తాలి. రెండు గంటలు దాటితే జట్టు లెక్కలోకి రాదు. నలభై ఏళ్లుగా నెత్తిన బేసిను మోసిన మనిషి, ఖాళీ తలతో నడిస్తే పక్కకి తూలిపోతుంది. అందుకని చేపల బేసినుతోనే మొదటి పరుగు తీసింది. తులసి సైకిలు తొక్కి వచ్చేసరికి, చూడ్డానికొచ్చిన జనానికి ఆ చేపలన్నీ అమ్మేసి కూర్చుంది.

"ఏటి సేసినావత్తా! ఇప్పుడెలాగ పరిగెడతావు?" తులసికి ఏడుపొకటే తక్కువ.

"బేరమొస్తే ఒగ్గీమంటావేటే?" అంటూ కూర్మమ్మ బేసిను నిండా సముద్రపొడ్డు ఇసక నింపి నెత్తికెత్తుకుంది. "దీన్నెవుడూ అడగడు. తిన్నగా పోతాను."

అందరికన్నా ఆఖర్న వచ్చింది గానీ, రెండు గంటలు నిండకముందే వచ్చింది. తులసి ఇసక బేసినుతో సహా అత్తని వాటేసుకుంది. తర్వాతెప్పుడో కన్నుమూసేనాటికి కూర్మమ్మకి డెబ్భై రెండేళ్లు.