కోతల పండుగకు సువార్తమ్మ గుమ్మడికాయ

నాచారం ఫ్యాక్టరీల వెనక గల్లీలో సువార్తమ్మ అంటే తెలియని వాళ్లు లేరు. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. నోరు కాస్త పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది. ఇంట్లో కూర నాలుగు ముద్దలు ఎక్కువైతే గిన్నె పక్కింటి గడప దాటాల్సిందే. అలాంటి మనిషికి ఏడాదికొక్క రోజు మాత్రం ఎక్కడ లేని సిగ్గూ ముంచుకొచ్చేది. అది చర్చిలో కోతల పండుగ రోజు.

ఆ పండుగకు ఎవరి పంటలో తొలి ఫలం వాళ్లు తెచ్చి దేవుడి ముందు పెట్టాలి. ఆరాధన అయ్యాక వాటిని అక్కడే వేలం వేస్తారు. జనగామ దగ్గర తల్లిగారి ఊళ్లో ఉన్నప్పుడు ఆమె తండ్రి వడ్ల మూట భుజాన మోసుకొచ్చేవాడు, తల్లి చిక్కుడుకాయలు ఒడి నింపుకొచ్చేది. పెళ్లయి నాచారం వచ్చాక చేనెక్కడిది, చెలకెక్కడిది? పండుగ ముందు రోజు ఉప్పల్ మార్కెట్లో టమాటాలు బేరమాడి కొని, బుట్టలో పేర్చి పెట్టేది.

"ఇవి ఎవని చేన్ల కాసినయో దేవునికి తెల్వదా?" అని మొగుడు దేవానందంతో అనేది.

"తెలుస్తది. మనకు చేను లేదని గూడ ఆయనకు తెలుస్తది. జర ఊకో" అనేవాడు ఆయన. ఆ మాటతో ఆయనకు నిద్ర పట్టేది గానీ ఆమెకు పట్టేది కాదు.

తెలంగాణ వచ్చిన ఏడాది, తొలి వానలకు, తల్లిగారి ఊరి నుంచి తెచ్చిన గుమ్మడి గింజల్ని స్నానాల నీళ్లు పారే మూలన పాతింది. ఒక్క పాదు నిలిచింది. దానికి ఇంటామె మీద గౌరవం లేదు కాబోలు, గోడెక్కి అవతలికి దిగి, పక్కింటి రాములమ్మ వాకిట్లో పిందె వేసింది.

"నా దిక్కు కాసింది, గిది నాదే" అని రాములమ్మ రోజూ పరాచికాలాడేది. బియ్యం కడిగిన నీళ్లు రోజూ పోసిందీ ఆమే. బతుకమ్మకు గుమ్మడి పూలు కోసుకుంది గానీ పిందె వైపు చెయ్యి పోనివ్వలేదు. వేలెత్తి చూపిస్తే పిందె కుళ్లిపోతుందని ఆమె నమ్మకం. అందుకని గల్లీ మొత్తానికీ వేలు మడిచి చూపించమని హుకుం వేసింది.

"మేం ప్రార్థన జేసెటోళ్లం, మాకు గసొంటి పట్టింపుల్లేవ్" అని నవ్విన దేవానందం కూడా, చుట్టాలొస్తే పిడికిలితోనే చూపించాడు. ఎందుకొచ్చిన గొడవ!

కాయ ఊరింది. ఒక మనిషి రెండు చేతులా కావలించుకుంటే గానీ అందనంత అయింది. తీగ పసుపెక్కి, తొడిమ ఎండి, గోరు గుచ్చితే తోలులోకి దిగని నాడు సువార్తమ్మ కత్తి తీసుకుంది. తొడిమను జానెడు ఉంచి కోసింది.

"తొడిమె వట్టి లేపకున్రి. అది ఇరిగితే కాయ నిల్వుండది" అని ఆమె అరుస్తుంటే, దేవానందం, రాములమ్మతో సహా ముగ్గురూ కలిసి గోనెసంచి మీదికి దొర్లించి మోశారు. కొన్నాళ్లు ఎండ చూపించి, తర్వాత మంచం కింద వరిగడ్డి మీద కూర్చోబెట్టింది. పండుగ ఇంకా నెల పైనే ఉంది. అప్పటిదాకా కాయ చెడకుండా ఉంటే చాలు, ఈసారి తన చేతి పంటే దేవుడి ముందు ఉంటుంది. ఆమెకు ఇంకో కోరిక లేదు.

ఇంతలో తమ్ముడి ఇంట్లో పెళ్లి వచ్చి, సువార్తమ్మ ఊరెళ్లింది. అదే కొంప ముంచింది. దేవానందం పంపులు చేసే ఫ్యాక్టరీలో, సరుకు బయటికి పంపే చోట పని చేస్తాడు. ఆయన కట్టిన డబ్బా సముద్రం దాటినా లోపలి పంపు తుప్పు పట్టదని పేరు. పెళ్లాం మీద ప్రేమ పొంగి, ఆ పనితనమంతా గుమ్మడికాయ మీద చూపించాడు. ప్లాస్టిక్ కాగితం చుట్టలు చుట్టలుగా చుట్టాడు. చుట్టూ థర్మాకోల్ కూరి, అట్టపెట్టెలో దించి, టేపు బిగించి, పైన 'జాగ్రత్త' అని కూడా రాశాడు.

తిరిగొచ్చి సువార్తమ్మ పెట్టె విప్పింది. కాయ ఒళ్లంతా చెమట. అడుగున ఒక చోట వేలు పెడితే మెత్తగా నొక్కుకుపోయింది.

"ఏం జేసినవయ్యా! ఇదేమన్న పంపా? పానమున్నది, దానికి గాలాడొద్దా?"

"ఖరాబు గావొద్దనే జేసిన" అన్నాడు దేవానందం, గొంతు లోపల్లోపలే.

ఆమె ఏడ్చింది. అన్నేళ్ల టమాటాల సిగ్గు కూడా ఆ ఏడుపులో ఉంది. ఏడుపు విని గోడ మీంచి తొంగి చూసిన రాములమ్మ మాత్రం బెదరలేదు. "ఏడిస్తే కాయ గట్టివడ్తదా? మెత్తదంత గీకి సున్నం వెట్టు" అంది. గీకి, సున్నం పట్టించి, పాత చీరతో ఉట్టి కట్టి రేకుల కింది పైపుకు వేలాడదీశారు. ఫ్యాను కాయ వైపు తిరిగింది. తప్పు చేసినవాడు గనక దేవానందం ఫ్యాను లేకుండా దోమలు కొట్టుకుంటూ పడుకున్నాడు. సువార్తమ్మ రోజూ లేవగానే కాయను వాసన చూసి, తట్టి, ఆ తర్వాతే పొయ్యి వెలిగించేది.

పండుగ రోజు ట్రాలీ ఆటోలో, మెట్రో పిల్లర్ల కింద గుంతలు తప్పించుకుంటూ, కాయ ఉప్పల్ చర్చికి చేరింది. పట్టుకోవడానికని పట్టుచీర కట్టుకుని రాములమ్మ కూడా వచ్చింది. బలిపీఠం ముందు కాయను దించగానే జనం లేచి నిలబడి చూశారు. సంఘపెద్ద శామ్యూల్ గారు కళ్లద్దాలు సవరించుకున్నారు.

"మస్తుగున్నది సువార్తమ్మా! ఏ మార్కెట్ల దొరికింది?"

"మా ఇంట్ల కాసింది సార్."

"నాచారంలనా? ఆ పొగలనా?" అని ఆయన నవ్వారు. ముందు వరసలన్నీ నవ్వాయి. అంత నోరున్న మనిషి తల దించుకుంది. నిజంగా తన పంట తెచ్చిన నాడే ఎవరూ నమ్మలేదు.

గుమ్మం బయట చెప్పుల దగ్గర నిలబడ్డ రాములమ్మకు ఒళ్లు మండింది. నేరుగా లోపలికొచ్చింది.

"ఏం మాట సారూ! నా వాకిట్ల కాసింది. దినాం నీళ్లు వోసినదాన్ని నేను. గీ సున్నం మచ్చ సూడున్రి, మార్కెటోడు వెడ్తడా గిట్ల?"

పాస్టరయ్య కుర్రవాడు, సరదా మనిషి. మైకు తీసుకున్నాడు. "మరి మిగిలిన బుట్టలల్ల ఇంట్ల కాసినవి ఎవరివి? చేతులెత్తున్రి."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చర్చిలో సగం మంది పమిటలు సర్దుకున్నారు, మిగతా సగం కాలర్లు సర్దుకున్నారు. కరివేపాకు రెమ్మ తెచ్చిన ముసలామె ఒక్కతే చెయ్యెత్తింది. ఆ తర్వాత శామ్యూల్ గారు లేచి నిలబడి, "నా వంకాయలు తోపుడు బండియి అయ్యగారూ" అన్నారు. చర్చి పగలబడి నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వింది సువార్తమ్మే. ఇన్నేళ్లూ తానొక్కతే అనుకుంది మరి!

వేలంలో పంతం పట్టి శామ్యూల్ గారే కాయను పాడుకుని, మధ్యాహ్నం విందుకు ఇచ్చేశారు. వంటమనిషి కత్తి ఎత్తినప్పుడు సువార్తమ్మ కళ్లు మూసుకుంది. కాయ రెండుగా విడింది. సున్నం మచ్చ కింది కుళ్లు తోలు దాటి లోపలికి పోలేదు. కండ అంతా పసుపు ముద్దలా ఉంది. అప్పుడు దేవానందం వేసినంత గట్టి 'హల్లెలూయ' ఆరాధనలో కూడా ఎవరూ విని ఉండరు.

గింజలు కడిగి గిన్నెలో పెడితే వాటికోసం వరస కట్టారు. ముందు నిలబడింది శామ్యూల్ గారు. చేతిరుమాలు పరిచి, జంకుతూ అడిగారు.

"మా ఇంట్ల గూడ కాస్తదంటవా సువార్తమ్మా?"

"నాకిచ్చిన దేవుడు మీకియ్యడా సార్" అని, ఆయన రుమాల్లో రెండు గింజలు ఎక్కువే వేసింది.