దూరం పోవాల్సిన బండి

ఊళ్ళో అందరూ ఆయన్ని పళ్ళ మేస్త్రి అనేవారు. పళ్ళ డాక్టరు కాదు. డాక్టరు తీసి పంపిన అచ్చును బట్టి కట్టుడు పళ్ళు తయారుచేసే మనిషి. ఆస్పత్రి వెనక మెట్ల కింద ఒక ఇరుకు గది. అందులో ఒక బల్ల, సాన పట్టే మిషను, సుద్ద పొడి, గులాబీ రంగు మైనం. వయసులో ఉండగా ఆ గదిలోకి వెళ్ళినవాడు అందులోనే తల నెరిసిపోయాడు. ఊళ్ళో సగం మంది ముసలివాళ్ళు ఆయన చేతి పళ్ళతోనే నవ్వుతున్నారు గాని వాళ్ళలో ఒక్కరి మొహమూ ఆయనకు తెలీదు. ఆయనకు మాత్రం సొంత పళ్ళు ముప్ఫై రెండూ గట్టిగానే ఉన్నాయి. వాటిని బయటపెట్టే సందర్భమే రాదు.

భార్య పోయి తొమ్మిదేళ్ళు. పిల్లలు లేరు. ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే. ఈయన బదులు చెప్పకపోయినా అది ఏమీ అనుకోదు కనుక ఇద్దరికీ కుదిరింది.

మిగిలింది ఆ చిన్న డీజిల్ కారు. భార్యకు దూరాలు పోవడమంటే పిచ్చి. సెలవు దొరికితే చాలు, "పదండి" అనేది. ఎక్కడికే అంటే, "రోడ్డు అయిపోయేదాకా" అనేది. ఎక్కువ తిరిగేవాళ్ళకు డీజిలే మేలని ఎవరో చెబితే అది కొన్నారు. ఆమె పోయాక దాని తిరుగుడంతా ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి. ఇంజను ఒళ్ళు వేడెక్కేలోపే తాళం తీసేసేవాడు. నడపడం కూడా వెనక సీట్లో పసిబిడ్డ నిద్రపోతున్నట్టు నడిపేవాడు. ఇంజను గొంతు కాస్త పెరిగితే చాలు, దానికేదో నొప్పి పుట్టినట్టు గబుక్కున పై గేరులో వేసేవాడు. సైకిళ్ళు దాటిపోయే వేగంలో నాలుగో గేరు! పాపం, బండి మూలుగుతూ, వణుకుతూ నడిచేది. అదంతా పొదుపు అనుకునేవాడు మహానుభావుడు.

ఒకరోజు మీటర్ల పక్కన పసుపు దీపం వెలిగింది. వీధి చివర మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాడు. మెకానిక్ పక్కన కూర్చుని ఒక చుట్టు తిప్పించి, నెత్తి పట్టుకున్నాడు.

"మేస్త్రిగారూ, బండిని ఎక్కువ తిప్పి పాడుచేసినవాళ్ళని బోలెడుమందిని చూశాను. తిప్పకుండా పాడుచేసిన మనిషిని మిమ్మల్నే చూస్తున్నా."

"జాగ్రత్తగా నడిపితే తప్పా?"

"ఇది జాగ్రత్త కాదండీ, పస్తు పెట్టడం. ఇదిగో, ఈ ముల్లు చూడండి. ఇంజను నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చెప్తుంది. అక్కడ ఎర్రగీత ఉంది చూశారా, నాలుగున్నర వేల దగ్గర? అదే దాని హద్దు. అక్కడిదాకా మీరు వెళ్ళక్కర్లేదు, వెళ్ళినా డీజిల్‌కి అక్కడ అరుపే గాని బలం ఉండదు. అలాగని మీలాగా వెయ్యి దగ్గర ఈడ్చినా బలం ఉండదు. ఇంజనులోకి గాలి ఊది బలమిచ్చే టర్బో నిద్రలోనే ఉంటుంది. దీని సత్తా అంతా రెండు వేలకీ మూడు వేలకీ మధ్యలో. అక్కడ పెట్టి చూడండి, వెనక నుంచి ఎవరో తోసినట్టు పోతుంది."

"మరి ఈ దీపం?"

"పొగ గొట్టంలో మసి పట్టే జల్లెడ ఒకటుంటుంది. అది బాగా వేడెక్కితేనే మసి కాలుతుంది. మీ రాకపోకలకి అది గోరువెచ్చన కూడా కాదు. పదిహేను రోజులకోసారైనా పెద్ద రోడ్డెక్కి, ముల్లు రెండున్నర వేల దగ్గర ఉంచి, అరగంట ఆపకుండా నడపండి. కుదరకపోతే అమ్మేసి చిన్న పెట్రోలు బండి కొనుక్కోండి. మీకెలాగూ దూరం పోయే పని లేదుగా."

ఆ చివరి మాట గుచ్చుకుంది. ఉన్న మాటంటే ఉలుకెక్కువ మరి. అమ్మడం అనగానే ఆయన కళ్ళు పక్క సీటు మీదికి పోయాయి. "పోయే పని ఉందయ్యా" అని బండెక్కాడు.

ఆదివారం పెద్ద రోడ్డెక్కాడు. భయం భయంగా కాలు నొక్కాడు. ముల్లు రెండు వేలు దాటగానే బండి ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని ముందుకు దూకింది. వీపు సీటుకి అతుక్కుంది. "ఓయ్!" అని తనకు తెలియకుండానే అరిచాడు. చిన్నపిల్లాడిలా సంబరం వేసింది. ఆ సంబరం చెప్పుకుందామని పక్కకి తిరిగాడు. పక్కన ఎవరుంటారు? బెల్టు దాని చోట అది వేలాడుతోంది. బండి పరుగులో ఏ లోపమూ లేదు. ఆయనే కాలు కాస్త సడలించాడు.

ఆ రోడ్డు వెంట పోతే గంటన్నరలో చెల్లెలుండే ఊరు. తోడబుట్టినవాళ్ళలో మిగిలిన ఒక్కతీ ఆమే. వదిన పోయిన రోజున ఏడుస్తూ ఏడుస్తూ, "ఆ దగ్గు మొదలైనప్పుడే డాక్టరుకి చూపించుంటే వదిన దక్కేది కదా అన్నయ్యా" అంది. అది అబద్ధమైతే ఈయనకు అంత కోపం వచ్చేది కాదు. నలుగురి ముందూ, "ఇంకెప్పుడూ నా గుమ్మం తొక్కకు" అన్నాడు. ఆమె తొక్కలేదు. మాట అనడానికి క్షణం చాలింది, వెనక్కి తీసుకోవడానికి తొమ్మిదేళ్ళు చాలలేదు.

ఆ ఆదివారం బండి తనంతట తానే అన్నట్టు ఆ ఊరు చేరింది. చెల్లెలి వీధి మొదట్లో ఆపాడు. ఇంజను ఆపలేదు. దూరంగా ఆమె ఇంటి నీలం గేటు కనిపిస్తోంది. కాసేపు చూసి, వెనక్కి తిప్పుకుని వచ్చేశాడు. పసుపు దీపం ఆరిపోయింది.

"ఎక్కడికెళ్ళారేంటి?" అని మెకానిక్ అడిగితే, "మా చెల్లెలింటికి" అన్నాడు. పూర్తి అబద్ధం కాదుగా!

అప్పటి నుంచి పక్షానికోసారి అదే వరస. వీధి మొదటిదాకా పోవడం, గేటు చూడడం, తిరిగి రావడం. వచ్చాక మెకానిక్‌కి కబుర్లు. చెల్లెలు భోజనం చేసి వెళ్ళమని పట్టుపట్టిందనీ, మోకాళ్ళ నొప్పులంటోందనీ, గోడలకి రంగులు వేయించిందనీ. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు, కట్టుడు పని చేసిన చెయ్యి కదా, బాగానే అతికేది. చెబుతున్నంతసేపూ ఆయనకు నిజంగానే చెల్లెలింటికి వెళ్ళొచ్చినట్టుండేది. ఇంటికొచ్చి దీపం వేస్తే తెలిసేది ఎక్కడికీ వెళ్ళలేదని.

అలా ఎండాకాలం పోయింది, వానలు పోయాయి. ఒక శనివారం మెకానిక్ అన్నాడు:

"మేస్త్రిగారూ, రేపు మీ చెల్లెలుగారింటికి వెళ్తారుగా? మా అమ్మని కూడా తీసుకెళ్ళండి. మా అక్కది ఆ ఊరే. అమ్మకి బస్సు పడదు."

గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. మింగలేడు, కక్కలేడు. "దానికేం భాగ్యం" అన్నాడు.

మెకానిక్ తల్లి వసపిట్ట. బండెక్కింది మొదలు నోరు మూస్తే ఒట్టు. కొడుకు చెప్పిన కబుర్లన్నీ ఆవిడకు కంఠతా.

"మీ చెల్లెలి మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి నాయనా? నా దగ్గర మంచి తైలం ఉంది, తెచ్చాను. నేనే చేతికిచ్చి, ఎలా రాయాలో చెప్పి, అప్పుడు మా అమ్మాయింటికి వెళ్తా."

"ఎందుకండీ పిన్నిగారూ, నేనిస్తాగా."

"నువ్విస్తే మడమకి రాయమంటావు. ఊరుకో!"

వీధి మొదటికి వచ్చారు. అలవాటుగా కాలు బ్రేకు మీదికి పోయింది. "ఇక్కడాపావేం? ఇల్లెక్కడ?" అంది ఆవిడ. నీలం గేటు దాకా పోనిచ్చాడు. ఇంజను ఆపాడు. తిట్టినా సరే, తలుపు మొహాన వేసినా సరే, చెల్లెలి మొహం కనబడుతుంది కదా అనుకున్నాడు. గంట నొక్కాడు.

తడి చేతులు తుడుచుకుంటూ ఒక పడుచుపిల్ల, కొత్తగా పెళ్ళయినట్టుంది, తలుపు తీసింది. చెల్లెలి పేరు చెప్పి అడిగాడు.

"ఆవిడా? ఖాళీ చేసి రెండేళ్ళు దాటిందండీ. మేం ఉంటున్నాం ఇప్పుడు."

వెనక తైలం సీసా పట్టుకుని నిలబడ్డ పెద్దావిడ అంతా విన్నది. గేటు వైపు చూసింది, ఈయన వైపు చూసింది.

"మరి పక్షం పక్షం వస్తున్నావటగా?"

"ఆ మలుపు దాకానే పిన్నిగారూ" అన్నాడు. తొమ్మిదేళ్ళ సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. అంతకంటే పెద్దది కాదది, చెప్పుకుంటే. లేని మనిషి ఇంటిని ఇన్నాళ్ళూ దొంగచాటుగా చూసిపోయాడన్న మాట! సిగ్గుతో నేలలోకి కుంగిపోయినట్టయింది.

పెద్దావిడ తిన్నగా పక్కింటికి వెళ్ళి తలుపు తట్టింది. అక్కడి ఆవిడతో గుమ్మంలోనే నిలబడి గుసగుసలు, ఆశ్చర్యాలు, చేతులు తిప్పడాలు. తిరిగొచ్చి చెప్పింది:

"మన ఊరికే వెళ్ళిందట నాయనా. వయసు మీద పడుతోంది, అన్నయ్యకేమన్నా అయితే నాకు వెంటనే కబురందాలి అనేదట. పాత సినిమా హాలు వెనక, మందుల షాపు మేడ మీద ఉంటోందట. మీ ఇంటికి ఎందుకు రాలేదో మరి నీకే తెలియాలి. మీకు దూరమా అది?"

ఆయన గేటు పట్టుకున్నాడు.

"నేను రోజూ పనికి పోయే దారండీ అది" అన్నాడు. ఆ తర్వాత నడివీధిలో, ఆ పడుచుపిల్ల చూస్తుండగా, పెద్దగా ఏడ్చేశాడు.

"మా అమ్మాయిల్లు రెండు వీధులవతలే. నేను నడుస్తా. నువ్వు బండి తిప్పు" అంది పెద్దావిడ. తైలం సీసా ఆయన చేతిలో పెట్టింది.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే మందుల షాపు ముందు దిగాడు. మెట్లు ఇరుకు. పైన ఒకటే తలుపు, పక్కన ఒక జత ఆడవాళ్ళ చెప్పులు. ఒకటే జత. తట్టాడు.

"ఎవరూ?" లోపల నుంచి వినిపించింది. గొంతు కాస్త బొంగురుపోయింది గాని అదే గొంతు.

దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూ వచ్చాడు. ఒక్కటీ గుర్తు రాలేదు. పేరు చెప్పాలా? చెల్లెలికి పేరెలా చెప్పుకుంటాడు?

"నేనే" అన్నాడు. భార్య పోయాక ఏ తలుపు దగ్గరా ఆ మాట అనలేదు. అంటే గుర్తుపట్టేవాళ్ళు ఎవరున్నారు గనక.

లోపల అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి. తరువాత గడియ తీసిన చప్పుడయింది.